పెరిగే తలకి ప్లాన్ గీయడం

పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. కంప్యూటర్ తెర మీద పసిబిడ్డ తల ఎముక గిర్రున తిరుగుతుంది, దాన్ని రంగు గీతల వెంట ముక్కలుగా కోస్తారు, ఆ ముక్కల్ని తిప్పి మళ్లీ అమరుస్తారు, చివరికి చక్కటి గుండ్రటి తల వస్తుంది. "ఇక ఆపరేషన్ ముందే కంప్యూటర్‌లో అయిపోతుంది, డాక్టర్‌కి కాపీ కొట్టడమే మిగిలింది" అని కింద రాశారు. దానికి వరసగా దండాలు, చప్పట్లు. నేనేమీ పెట్టలేదు. పెడితే ఒక పేజీ పెట్టాలి. గ్రూపులో అంత రాస్తే ఎవరూ చదవరు, చదివిన ఒకరిద్దరూ "నీకేం తెలుసు" అంటారు.

కొంచెం తెలుసు. రెండేళ్ల కిందట మా చెల్లెలి కొడుక్కి అదే ఆపరేషన్ జరిగింది, ఆ తెర ముందు కుర్చీలో నేనూ కూర్చున్నాను. పైగా విజయనగరంలో స్ట్రక్చరల్ డిజైన్లు చేసి బతికేవాణ్ని. అపార్ట్‌మెంట్లు, కళ్యాణ మండపాలు, వాటర్ ట్యాంకులు. తెల్లారితే కట్టడాల బలం లెక్కగట్టే స్టాడ్ సాఫ్ట్‌వేర్‌లో మోడళ్లు కట్టడమే పని, అందుకే మోడల్ అంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. పిల్లల తల ఆపరేషన్లకి ఈ మోడలింగ్ కావాలనే నేనంటాను. అయితే అది సర్జన్ కత్తి పట్టే ముందు తన ఆలోచనని తనే పరీక్షించుకోవడానికి. దాన్ని తల్లిదండ్రుల ముందు పెట్టి "తర్వాత ఇలా ఉంటాడు" అని ఒప్పించడానికి వాడటం నాకు నచ్చదు. ఈ రెండో మాట దగ్గరే మా ఇంట్లో రెండేళ్లుగా గొడవ.

ఆవాల దిండు

చెల్లిని నరసన్నపేట ఇచ్చాం. బిడ్డ పుట్టినప్పుడే తల ముందుకీ వెనక్కీ సాగినట్టు ఉంది. కాన్పులో అలా అవుతుంది, కొన్నాళ్లకి సర్దుకుంటుంది అన్నారు. చెల్లి అత్తగారు, నాకూ అత్తయ్యే, రోజూ ఆముదం రాసి రెండు అరచేతులతో తల ఒత్తేది, ఆవాల దిండు కుట్టి దాని మీద పడుకోబెట్టేది. "గుంటడి బుర్ర పొడుగుంటే ఏటయిపోద్ది? మా అన్నదమ్ములందరివీ ఇలగే ఉండీవి. ఒత్తితే అదే గుండ్రంగా వచ్చేస్తాది" అనేది. మాడు ఇంకా మెత్తగా కొట్టుకుంటూనే ఉంది కాబట్టి ఎముక మూసుకుపోలేదన్నది ఆవిడ రెండో ఆధారం.

బరువులు తూచారు, టీకాలు వేశారు, కానీ తల చుట్టూ టేపు పెట్టినవాళ్లు ఐదో నెల దాకా లేరు. ఐదో నెలలో జ్వరం వస్తే శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లారు. ఆయన జ్వరం సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి, నడినెత్తి మీద వేలితో ముందు నుంచి వెనక్కి మెల్లగా రాశాడు. మళ్లీ రాశాడు. "ఇక్కడ వేలు పెట్టి చూడమ్మా" అన్నాడు చెల్లితో. పొలం గట్టులాగ సన్నగా, పొడుగ్గా తగిలింది. ఐదు నెలలు రోజూ నిమిరిన చేతికి అది ఎందుకు తెలియలేదో అని చెల్లి ఇప్పటికీ అంటుంది. మాడు తెరిచే ఉన్నా దాని వెనక అతుకు మూసుకుపోయి ఉండొచ్చని ఆయనే చెప్పాడు.

పసిబిడ్డ తల ఎముక ఒక్కటే చిప్పగా ఉండదు, కొన్ని పలకలు, వాటి మధ్య అతుకులు. మొదటి ఏడాదిలోనే మెదడు దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి అతుకులు అప్పటికి తెరిచి ఉండాలి. ఏదో ఒకటి ముందే మూసుకుపోతే క్రేనియోసినోస్టోసిస్ అంటారు, సుమారు 2,000 నుంచి 2,500 కాన్పులకి ఒకరిలో కనిపిస్తుంది. మావాడిది అందులో ఎక్కువగా వచ్చే రకమే, నడినెత్తి మీద నిలువు అతుకు. పక్కలకి పెరగలేక తల పడవలా సాగుతుంది. పొడవు 15.2 సెంటీమీటర్లు, వెడల్పు 10.1. వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణిస్తే 66 వచ్చింది, మామూలుగా 75, 85 మధ్య ఉంటుంది.

అత్తయ్యని తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఒకే వైపు పడుకోవడం వల్ల చదునైన తల ఎక్కువగా దానంతట అదే, పడుకోబెట్టే తీరు మారిస్తే ఇంకాస్త తొందరగా సర్దుకుంటుంది. ఆవిడ జీవితంలో చూసినవన్నీ అవే అయి ఉంటాయి. అంటే ఆవిడ దగ్గర ఉన్నదీ ఒక మోడలే, బాగానే పనిచేసిన మోడల్, కాకపోతే వేరే జబ్బుకి. నా పనిలో కూడా ఘోరాలన్నీ ఇలాగే జరుగుతాయి. లెక్క ఎప్పుడూ తప్పదు, ఏ లెక్క వెయ్యాలన్నది తప్పుతుంది.

తెర ముందు

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి ఒక పెద్ద ఊరి ఆసుపత్రికి వెళ్లాం. స్కాన్ అయింది. ఆ తర్వాత బిడ్డకి జలుబు, తగ్గాక హిమోగ్లోబిన్ తక్కువుందన్నారు, ఈలోగా డబ్బు సర్దుబాటు, అలా ఏడు వారాలు గడిచాక ప్లాన్ చూపిస్తాం రమ్మన్నారు.

తెర మీద ఎడమ పక్క మావాడి తల, కుడి పక్క "తర్వాత". సర్జన్ టీములో ఇంజనీరు అమ్మాయి మౌస్ తిప్పుతూ ఏ ముక్క ఎక్కడికి వెళ్తుందో చూపించింది. అత్తయ్య కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని ముందుకి వంగి చూసింది. "అచ్చం మా పెద్దోడి బుర్రే" అంది. అంతే. నెలన్నరగా "కత్తి పెట్టనివ్వను" అన్న మనిషి ఆ బొమ్మ చూసి ఒప్పేసుకుంది. ఇంకొక్కటే అడిగింది, పుట్టువెంట్రుకలు దేవుడికి ఇవ్వకుండా ఇక్కడ గొరిగేస్తారా అని. మొత్తం తియ్యం, గాటు పడేచోట సన్నగా తీస్తాం, అవి కవర్లో పెట్టి ఇస్తాం అన్నారు.

నేను అడిగింది వేరు. "ఈ స్కాన్ ఏ తేదీదండీ?" ఆ వయసులో తల చుట్టుకొలత నెలకి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుందని అప్పటికే చదువుకుని ఉన్నాను, కాబట్టి నా ప్రశ్న మీద నాకు కాస్త గర్వంగానే ఉంది. "ఏడు వారాల కిందటి తల మీద ప్లాన్ గీస్తే ఎలా?" అన్నాను. సర్జన్ విసుక్కోలేదు. "నిజమే. ఇంకో స్కాన్ తీయమంటారా?" అన్నాడు.

నోట మాట రాలేదు. సైట్లో మట్టి పరీక్షకి ఒక్క బోరు వేసి సరిపెడితే బిల్డర్లతో తగువు పెట్టుకునేవాణ్ని నేను. ఇంకో బోరు వెయ్యండి, ఆ మూల ఒకటి వెయ్యండి అనడం నాకు అలవాటు. ఇక్కడ వేసే ప్రతి బోరూ ఆ గుంటడి తలలోకే. సీటీ అంటే రేడియేషన్, కదలకుండా ఉంచాలంటే మత్తు. ఆయన డ్రాయరు తెరిచి మామూలు టేపు తీశాడు. స్కాన్ రోజున 43 సెంటీమీటర్లు, ఇప్పుడు 44.2. "ప్లాన్‌ని ఈ మేరకి పెంచుకుంటాం, చివరికి ఎముక మీద గీత గీసేది స్కేలు పెట్టుకునే" అన్నాడు. అంత సాఫ్ట్‌వేర్‌నీ సరిదిద్దింది ఒక టేపు. మా ఊళ్లో ఐదు నెలల దాకా ఎవరూ పెట్టనిది.

రెండో ప్రశ్న కొంచెం మంచిది. "కుడి పక్కన ఉన్నది ఆపరేషన్ అయిన రోజు తలా, ఐదో ఏట తలా?" దానికి ఆయన కుర్చీ మా వైపు తిప్పుకుని చెప్పాడు. ఆపరేషన్ చేశాక తల కొంత పాత పద్ధతికి తిరిగి సాగుతుంది, అందుకని అవసరం కన్నా కాస్త ఎక్కువే వెడల్పు చేస్తారట. స్కూలు యూనిఫారం కుట్టించేటప్పుడు "పెరిగే పిల్లాడు, రెండేళ్లు రావాలి, మడత వదులు" అని టైలర్‌కి చెబుతాం కదా, అలాగ. అంటే ఆపరేషన్ రోజున సరైన తల చూడటానికి అందంగా ఉండదు, కొంచెం అతిగా ఉంటుంది. మరి తెర మీద ఉన్న ఆ అందమైన తల ఏ రోజుది? ఇంజనీరు అమ్మాయి మౌస్ వదిలేసింది. "అది టార్గెట్ అండీ" అంది. టార్గెట్టే గానీ తేదీ లేదు.

క్యూబ్ టెస్ట్ లేని ఎముక

ఇక్కడ కాస్త నా గోల భరించాలి. కంప్యూటర్ మోడల్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు చలామణి అవుతున్నాయి. ఒకటి కొలతల పని: స్కాన్ నుంచి ఎముక ఆకారం తీసి, ఎక్కడ కోయాలి, ముక్క ఎక్కడ పెట్టాలి అని చూసుకోవడం. దర్జీ కాగితం మీద కటింగ్ గీసుకోవడం లాంటిది. రెండోది బలాల లెక్క: ఎముకని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, దాని మందం, గట్టితనం ఇచ్చి, లోపల మెదడు పెరుగుతూ ఉంటే ఈ కోతల తర్వాత తల ఎటు వంగుతుంది, ఎంత వెడల్పవుతుంది అని అడగటం. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, మా స్టాడ్‌కి దగ్గరి చుట్టం. వాట్సాప్ వీడియోలో ఉన్నది మొదటిది. రెండోది కూడా అయిపోయినట్టే జనం అనుకుంటారు.

బలాల లెక్క ఎక్కడ బాగా కుదురుతుందో కూడా చెప్పాలి. 1990ల చివర్లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో క్లేస్ లారిట్జెన్ అనే సర్జన్ ఒక పద్ధతి మొదలుపెట్టాడు. మూసుకుపోయిన అతుకు దగ్గర కోసి, ఆ సందులో స్టీలు తీగ స్ప్రింగులు పెడితే అవే మెల్లగా విచ్చుకుంటూ తలని వెడల్పు చేస్తాయి, కొన్ని నెలలకి తీసేస్తారు. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు ఈ స్ప్రింగు ఆపరేషన్లకి మోడళ్లు కట్టి, మోడల్ చెప్పిన ఆకారాన్ని తర్వాత ఆ పిల్లల తలని 3డి స్కాన్ చేసి పోల్చి చూశారు. నాకు నచ్చింది ఆ పోల్చి చూడటమే. స్ప్రింగు ఎంత బలంతో తోస్తుందో ముందే కొలవొచ్చు, అది చాలావరకు మొదటి కొన్ని రోజుల్లోనే విచ్చుకుంటుంది, కాబట్టి తేలాల్సింది తొందరగా తేలిపోతుంది. అలాంటిచోట మోడల్‌కి నేనూ దండం పెడతాను.

కానీ పసివాడి ఎముక సంగతి చూడండి. ఎం25 కాంక్రీటు అంటే 150 మిల్లీమీటర్ల క్యూబు పోసి 28వ రోజున పగలగొట్టి చూస్తాం, గట్టితనం ఐఎస్ 456 అనే మన కాంక్రీటు కోడ్ ప్రకారం 25,000 మెగాపాస్కల్స్ వేసుకుంటాం. బతికున్న బిడ్డ తల ఎముకకి క్యూబ్ టెస్ట్ ఎక్కడుంది? అధ్యయనాల్లో దొరికే అంకెలు ఒకదానికొకటి ఎన్నో రెట్లు తేడా, పైగా నెల నెలకీ మారేది. మందం మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు, అంటే స్కాన్ బొమ్మలో ఆ మందం మొత్తం నాలుగైదు చుక్కలు. పల్చటి చోట్ల ఎముక ఉన్నా బొమ్మలో చిల్లులా కనిపిస్తుంది. దాని కింద పొర, ఆ కింద పెరిగే మెదడు, పైన చర్మం, వీటన్నిటికీ ఏదో ఒకటి అనుకోవాలి. అనుకోవడం తప్పు కాదు, నేనూ రోజూ అనుకుంటాను. ఐతే నాకు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అనే దిండు ఉంది, అనుమానం వస్తే ఇంకో కడ్డీ వేస్తాను. తలలో అదనంగా ఇంకో కడ్డీ వెయ్యలేరు.

అసలు కంప్యూటర్ లేనప్పుడూ మోడల్ ఉంది. 1851లో జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో, మూసుకుపోయిన అతుకుకి అడ్డంగా ఎదుగుదల ఆగుతుంది, దాని వెంట పెరుగుతుంది అన్నాడు. ఒక్క వాక్యంలో పడవ తల ఎందుకొస్తుందో చెప్పేశాడు. 1959లో అమెరికన్ పరిశోధకుడు మెల్విన్ మాస్ వచ్చి అసలు గొడవ అతుకు దగ్గర లేదు, తల అడుగు ఎముకలో ఉంది, అక్కడి నుంచి పొర లాగుతోంది అని వాదించాడు. ఎటు పెరుగుతుందో విర్కో చెప్పాడు గానీ ఎంతన్నది చెప్పలేదు. ఇవాళ్టి మోడళ్లు ఆ "ఎంత" చెప్పడానికి కూర్చున్నాయి, నూట డెబ్భై ఏళ్ల తర్వాత. అందుకే ఒక్క అంకె చెప్పి ఊరుకునే మోడల్ కంటే "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అని చెప్పే మోడల్‌నే నేను నమ్ముతాను.

ఇంకో చిన్న అనుమానం, తేలలేదు గానీ రాస్తాను. 78 కొలత ఉన్న ఆ "టార్గెట్" తల ఎవరి తలల సగటు? ఇలాంటి సగటు తలలు ఎక్కువగా అమెరికా, యూరప్ ఆసుపత్రుల స్కాన్ల నుంచి తీసినవి. నరసన్నపేట పిల్లాడికి అది సరైన కొలతేనా అని అడిగితే, "66ని 76 చేసే గొడవలో ఉన్నాం, 78 ఎవరిదన్నది తర్వాత చూద్దాం" అన్నాడు సర్జన్. ఒప్పుకున్నాను. సగం.

అర లీటరు

మరి ఇన్ని అనుమానాలున్నవాణ్ని మోడలింగ్ కావాలని ఎందుకంటున్నాను? ఒక్క లెక్క కోసం. పసిబిడ్డకి కిలో బరువుకి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మావాడు ఏడు కిలోలు. అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి 560 మిల్లీలీటర్లు, పొద్దున్న గుమ్మం ముందు వేసే అర లీటరు పాల ప్యాకెట్టు కంటే కాస్త ఎక్కువ. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తోలు తెరిచి, ఎముక తీసి, సరిచేసి పెట్టే ఆపరేషన్ అది. మూసుకుపోయిన ఆ అతుకు కిందే మెదడులోని పెద్ద రక్తనాళం పోతుంది. తల తెరిచి ఉండగా "ఇటు కోద్దామా, అటు కోద్దామా" అని నిలబడి ఆలోచించే ప్రతి నిమిషమూ ఆ ప్యాకెట్టు లోంచే పోతుంది. ఆ ఆలోచనని నాలుగు రోజుల ముందు ఏసీ గదిలో, టీ తాగుతూ, పది సార్లు తప్పు కోసి చూసుకోగలిగితే దానికి మించిన లాభం ఏముంది? ప్లాన్ వేసుకుంటే ఆపరేషన్ టైం తగ్గుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల అధ్యయనాలు చాలావరకు కొద్దిమంది పిల్లల మీదే, ప్లాన్‌కి పట్టిన గంటలు అందులో కలపరు, అదీ నిజమే. కానీ ఆ గంటలు డాక్టర్లవి. బిడ్డవి కావు.

మావాడి తల ప్లాస్టిక్‌తో ప్రింట్ తీసి కూడా చూపించారు. ఇప్పుడు విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోనే అలాంటి 3డి ప్రింటింగ్ చేస్తున్నారు. తెల్లగా, తేలిగ్గా, కొబ్బరి చిప్పంత. చెల్లి మొదట ముట్టుకోనంది. తర్వాత మెల్లగా చెయ్యి చాపి, బొటనవేలితో దాని నడినెత్తి మీద గట్టు వెంట ఒకసారి రాసి వెనక్కి తీసుకుంది.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికొచ్చి చెప్పిన మొదటి మాట "బిడ్డ బాగున్నాడు". రెండోది, నాకోసమే చెప్పాడనుకుంటాను, "వెనక పలక ప్లాన్‌లో రెండు ముక్కలు, నేను మూడు చేశాను. అనుకున్నదానికంటే పల్చగా ఉంది, వంచితే విరిగేలా అనిపించింది." కాపీ కొట్టడమే మిగిలింది అన్న వీడియోకి నా దగ్గరున్న జవాబు ఇదే. ప్లాన్ ఉంది కాబట్టే ఎక్కడ ప్లాన్ తప్పాలో ఆయనకి క్షణంలో తెలిసింది.

బావగారి వాదన

మూడో రోజున మావాడి మొహం వాచిపోయి కళ్లు రెండూ మూసుకుపోయాయి. ఈ ఆపరేషన్‌కి అది మామూలే, నాలుగు రోజుల్లో తగ్గుతుందని నర్సులు చెబుతూనే ఉన్నారు. అత్తయ్య వినలేదు. "బొమ్మలో ఇలగ లేదు కదా! మాకు చూపించింది ఇదేనా?" అని వార్డంతా వినపడేలా ఏడ్చింది. నా అభిప్రాయం గట్టిపడింది ఆ రోజే. ఆవిడ సంతకానికి ఒప్పుకున్నది ఆపరేషన్‌కి కాదు, కుడి పక్క బొమ్మకి.

మా బావగారు దీన్ని ససేమిరా ఒప్పుకోరు. "నువ్వు చేసేదేంటి? ఫ్లాట్ కొనేవాడికి నీలి ఆకాశం, చెట్లు, గుమ్మం ముందు కారు పెట్టి ఎలివేషన్ చూపించరా? బెండింగ్ మూమెంట్ డయాగ్రం చూపిస్తారా?" అన్నారు. దెబ్బ తగిలింది, కాదనను. "మూడు బొమ్మలు పెట్టి, ఇలా అవ్వొచ్చు, అలా అవ్వొచ్చు, వాపు వస్తుంది, మచ్చ ఉంటుంది అని చెప్పుంటే మా అమ్మ మళ్లీ ఆవాల దిండు దగ్గరకే పోయేది. ఆ బొమ్మ అబద్ధమైనా సరే, నా కొడుక్కి టైముకి ఆపరేషన్ అయింది." దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఎలివేషన్ చూసి మోసపోయినవాడు అసోసియేషన్ మీటింగులో నన్ను నిలబెట్టి అడుగుతాడు, ఆసుపత్రిలో అలా అడిగే దారి ఉండదు అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఆయనకి భయపడే తల్లి కనిపిస్తుంది, నాకు మోసపోయినట్టు ఏడ్చిన తల్లి కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరే. అయినా నా మాట నాదే: ఆ తెర మీద "తర్వాత" అనే చోట మూడు తలలు ఉండాలి, ఒక్కోదాని కింద ఒక తేదీ ఉండాలి, మూడో రోజు వాపు కూడా ఉండాలి. ఒప్పించే పని మనిషి మాటతో చెయ్యాలి. మాకు ఆ సర్జన్ టేపు తీసిన క్షణంలో కలిగిన నమ్మకం ఆ బొమ్మ ఇవ్వలేదు. అత్తయ్యకి టేపు కనిపించలేదంటే, అప్పటికే ఆవిడ బొమ్మ దగ్గర ఆగిపోయింది.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం మావాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి అరసవల్లి వెళ్లాం. వెడల్పు, పొడవుల కొలత ఇప్పుడు 74, పరుగులు మాత్రం కొలతకి అందవు. ఇద్దరు పట్టుకుంటే గానీ కూర్చోలేదు. క్షురకుడు తల తడిపి నుదుటి మీద నుంచి కత్తి లాగుతూ వచ్చి, నెత్తి మధ్యలో ఆగాడు. చెవి నుంచి చెవికి వంకర టింకరగా మచ్చ. జుట్టులో కలిసిపోవాలని కావాలనే అలా కోస్తారట. ఇన్నాళ్లూ కలిసిపోయే ఉంది.

"ఏటమ్మా ఇది, ఎక్కడ పడ్డాడు?" అన్నాడు.

"పడలేదు బాబూ, డాక్టరు గీసిన గట్టు. దాని మీద నెమ్మదిగా తియ్యి" అంది అత్తయ్య. ఒడిలో ఉన్న సంచిలోంచి ఆసుపత్రి వాళ్లిచ్చిన కవరు తీసి, రెండేళ్లు బీరువాలో దాచిన ఆ పిడికెడు జుట్టుని, కింద పళ్లెంలో తడిసిన కొత్త జుట్టు మీద దులిపింది.